ఏ నేర్పుకు పదును పెట్టాలి?

రండి, ఆడుకుందాం!

పిల్లలూ! మీలో ఆర్మూరు వాళ్లు ఉంటే ఈ సంగతి మీకు చెప్పనక్కరలేదు. జూన్ ప్రాంతంలో నాటిన పసుపు జనవరి మొదలు మార్చి లోపల తవ్వకానికి వస్తుంది. తవ్విన పసుపును ఉడకబెట్టి, కల్లాల్లో రెండు వారాలపాటు ఎండబెడతారు. తెలిసినవాడు ఎండిన కొమ్మునొకదాన్ని చేతిలోకి తీసుకుని పుటుక్కున విరుస్తాడు. విరిగిన చప్పుడు విని, లోపలి రంగు చూసి, "ఇది బాగా ఎండింది" అనో, "ఇంకా పచ్చి ఉన్నది" అనో చెప్పేస్తాడు. అదే కొమ్మును మనం విరిస్తే రెండు ముక్కలవుతుంది, అంతే!

అతనికి ఉన్నదాన్ని నేర్పు అంటారు. కాని అతన్నే తీసుకుపోయి గోదావరిలో ఈత పోటీకి దింపితే గెలుస్తాడని నమ్మకం లేదు. కళలు అరవైనాలుగు అని పెద్దలు లెక్క చెబుతారు గాని, అరవైనాలుగూ ఒక్క మనిషికి రావడం మనం చూడలేదు. ఉన్న కాలంలో, ఉన్న శక్తితో ఏ నేర్పుకు పదును పెట్టుకోవాలి? ఈ ప్రశ్నను బల్ల ముందు కూర్చుని, నవ్వుతూ, లెక్క వేసుకుంటూ ఆడే ఆట ఒకటున్నది. ఈ నెల దాని సంగతి చెప్పుకుందాం.

ఆట ఎలా ఉంటుంది?

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికా దేశస్థులు దీన్ని తయారుచేసి అచ్చు వేయించారు. ఇందులో పలకా ఉండదు, పావులూ తప్పనిసరి కాదు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మన యక్షగానంలో సూత్రధారుడి వంటివాడన్న మాట. మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. ఒకడు యోధుడు, ఒకతె మంత్రగత్తె, ఒకడు గూఢచారి. చిందు ఎల్లమ్మ వంటి గొప్ప కళాకారులు ఆడిపాడిన నిజామాబాద్ జిల్లాలో వేషం కట్టడమంటే ఏమిటో వేరే చెప్పాలా? అయితే ఇక్కడ రంగూ, కిరీటమూ అక్కరలేదు. నోటి మాటతోనే వేషం.

"చీకటి పడింది. మీ ఎదుట నిట్టనిలువు బండ. పైన దొంగల దీపం కనిపిస్తున్నది. ఏం చేస్తారు?" అని సూత్రధారుడు అడుగుతాడు. "నేను బండ ఎక్కుతాను" అని మీరంటారు. ఎక్కగలరో లేదో పాచిక చెబుతుంది.

పాచిక అనగానే తల్లిదండ్రులు ఉలిక్కిపడనక్కరలేదు. ఈ ఆటలో పందెం లేదు, డబ్బు లేదు. ఒకడు గెలిచి మరొకడు ఓడడం కూడా లేదు. అందరూ కలిసి ఒక కథను చివరిదాకా తీసుకుపోవడమే గెలుపు.

ఇరవై ముఖాల పాచిక

ఈ పాచికకు ఇరవై ముఖాలు ఉంటాయి. ప్రతి ముఖమూ సమబాహు త్రిభుజమే. పన్నెండు మూలలు, ముప్పై అంచులు. ఇలాంటి పాచికలు కొత్తవేమీ కావు. గ్రీకు అక్షరాలు చెక్కిన ఇరవై ముఖాల పాచికలు పూర్వపు ఈజిప్టులో దొరికాయి. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో వాటిని చూడవచ్చు.

మీకు అలాంటి పాచిక దొరకకపోతే విచారించకండి. ఒకే కొలతలో ఇరవై చీటీలు కత్తిరించి, 1 నుంచి 20 దాకా అంకెలు వేసి, మడిచి చెంబులో వేయండి. కళ్లు మూసుకుని ఒకటి తీయండి. అంకె చూసుకున్నాక ఆ చీటీని మళ్లీ చెంబులో వేయడం మరవకండి. వేయకపోతే లెక్క తప్పుతుంది!

అష్టాచెమ్మా గవ్వలకూ, దీనికీ ఒక తేడా ఉన్నది. గవ్వ రెండువైపులా సమంగా పడుతుందనుకుంటే, నాలుగు గవ్వలు పడే తీరులు పదహారు. వాటిలో రెండు గవ్వలు వెల్లకిలా పడే తీరులు ఆరు. నాలుగూ వెల్లకిలా పడే తీరు ఒక్కటే. అందుకనే చెమ్మా అరుదు. ఇరవై ముఖాల పాచికలో అలా కాదు. ఏ అంకె అయినా ఇరవైలో ఒకసారి వచ్చే అవకాశం ఉన్నది.

నేర్పు, చేర్పు, గురి

మీ పాత్రకు ప్రతి నేర్పుకూ ఒక అంకె ఉంటుంది. దాన్ని చేర్పు అందాం. ప్రతి పనికీ సూత్రధారుడు ఒక గురి అంకె పెడతాడు. పాచిక మీద పడ్డ అంకెకు చేర్పు కలిపితే గురిని అందుకోవాలి. గురి 15, మీ చేర్పు 4 అనుకోండి. పాచిక 11 గాని, అంతకన్న ఎక్కువ గాని పడితే పని అయినట్టే. 11 నుంచి 20 దాకా పది ముఖాలు. అంటే సగానికి సగం.

చేర్పు ఒకటి పెరిగితే పనికివచ్చే ముఖం ఒకటి పెరుగుతుంది. ఇరవైలో ఒకటి, అంటే రూపాయిలో అయిదు పైసలు. ఈ ముక్క జ్ఞాపకం పెట్టుకుంటే తక్కిన లెక్కలన్నీ సులువు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2000లో వెలువడిన ఈ ఆట మూడో కూర్పులో "ఫీట్" అనే ఏర్పాటు వచ్చింది. సర్కసులో ఫీట్లు అంటామే, ఆ మాటే! పాత్రకు అబ్బిన ప్రత్యేకమైన ప్రజ్ఞ అని అర్థం. ఆ కూర్పును 2003లో సవరించారు. మనం చెప్పుకునే నియమాలు ఆ సవరించినవే. వాటి తరవాత 2008లోనూ, 2014లోనూ కొత్త కూర్పులు వచ్చాయి. 2024లో మళ్లీ సవరించారు. అయినా ఎంపిక నేర్చుకోవడానికి 2003 నియమాలు చాలా మంచివి. ముఖ్యమైన నియమాలను ఎవరైనా ఉచితంగా వాడుకునే ఏర్పాటు కూడా ఉన్నది గనక, పుస్తకం కొనలేకపోయామని ఎవరూ బాధపడనక్కరలేదు.

ఈ నియమాల ప్రకారం నేర్పులు ముప్పైకి పైగా ఉన్నాయి. ఫీట్లు మాత్రం కొద్దిగానే దొరుకుతాయి. మొదటి స్థాయిలో ఒకటి, మూడో స్థాయిలో ఒకటి, ఆ తరవాత ప్రతి మూడు స్థాయిలకూ ఒకటి. మనిషి జాతి పాత్రకు మొదట్లో ఒకటి అదనం. ఒకసారి ఎంచుకున్న ఫీటును మామూలుగా మార్చుకోవడానికి వీలులేదు. అందుకనే ఆలోచించి తీసుకోవాలి.

నేర్పును పెంచే ఫీట్లు రెండు రకాలు. ఒకటి "స్కిల్ ఫోకస్". ఇది మీరు కోరిన ఒక్క నేర్పుకు 3 చేరుస్తుంది. రెండోది జంట ఫీటు. ఇది రెండు నేర్పులకు తలా 2 చేరుస్తుంది. "అథ్లెటిక్" ఎక్కడానికీ, ఈతకూ. "అలర్ట్‌నెస్" వినికిడికీ, చూపుకూ. "స్టెల్తీ" దాక్కోవడానికీ, సద్దు లేకుండా నడవడానికీ. "నింబుల్ ఫింగర్స్" తాళాలకూ, యంత్రాలను పాడుచేయడానికీ. "నెగోషియేటర్" మాట నేర్పుకూ, ఎదుటివాడి మనసు కనిపెట్టడానికీ. "డిలిజెంట్" వస్తువుకు వెల కట్టడానికీ, తెలియని లిపి చదవడానికీ.

మొదటి లెక్క: ఒకటా, జంటా?

2 రెండుసార్లు వేస్తే 4 కదా, 3 కన్న 4 ఎక్కువ కదా అని తొందరపడకండి. ఏ నేర్పు ఎన్నిసార్లు అవసరపడుతుందో ముందు చూడాలి.

మీ కథ ఆర్మూరు సిద్ధులగుట్ట బండల మధ్య జరుగుతున్నదనుకోండి. ఎక్కే పని ఎనిమిదిసార్లు, ఈత ఒక్కసారి వచ్చింది. స్కిల్ ఫోకస్ ఎక్కడానికి తీసుకుంటే లాభం 3 ఎనిమిదులు 24 ముఖాలు. అథ్లెటిక్ తీసుకుంటే 2 తొమ్మిదులు 18 ముఖాలే. ఇక్కడ ఒంటి ఫీటే మేలు.

అదే కథను ఉత్తరాన గోదావరి మీది పోచంపాడు జలాశయం దగ్గరికి మార్చండి. ఎక్కడం ఎనిమిదిసార్లే, ఈత అయిదుసార్లు. అథ్లెటిక్ 2 పదమూడులు 26. ఒంటి ఫీటు 24. ఇప్పుడు జంట గెలిచింది! ఈత సరిగ్గా నాలుగుసార్లు వస్తే రెండూ సమానం. కాబట్టి సూత్రం ఇది: రెండో నేర్పు, మొదటిదానికి సగం కన్న ఎక్కువసార్లు పనికివస్తే జంట ఫీటు తీసుకోండి. తక్కువైతే ఒంటి ఫీటు తీసుకోండి.

ఫీటు ఎంచుకునే ముందు, "మన కథ ఎక్కడ జరుగుతుంది?" అని సూత్రధారుణ్ణి అడగడం తప్పు కాదు. ఊరు తెలియకుండా వ్యాపారం పెట్టేవాడు ఉంటాడా?

రెండో లెక్క: గడప దాటించే అంకె

కంగారు లేనప్పుడు పాచిక వేయకుండా, 10 పడ్డట్టు లెక్క వేసుకోవచ్చునని నియమం ఉన్నది. నిదానంగా పని చేసేవాడికి ఆట ఇచ్చే బహుమానం అది. పట్టు దొరికే ముతక బండ ఎక్కడానికి గురి 15. మీ చేర్పు 4 అయితే 10కి 4 కలిపి 14. ఒక్క అంకె తక్కువ! పాచిక వేయక తప్పదు. సగంసార్లు ఎక్కలేరు. అథ్లెటిక్ ఉంటే చేర్పు 6, మొత్తం 16. ఇక పాచికతో పని లేదు. సగం అవకాశం నిశ్చయమైపోయింది.

పైనుంచి బాణాలు పడుతుంటే మాత్రం 10 తీసుకోనివ్వరు. పాచిక వేయవలసిందే. అప్పుడు చేర్పు 4 ఉన్నవాడు ఇరవైలో పదిసార్లు ఎక్కుతాడు, 6 ఉన్నవాడు పన్నెండుసార్లు. గురికి 5 గాని, అంతకు మించి గాని తక్కువైతే జారి పడతారు. మొదటివాడు ఇరవైలో ఆరుసార్లు పడితే, రెండోవాడు నాలుగుసార్లే పడతాడు.

తాళం సంగతి ఇంకా విచిత్రం. తప్పినా నష్టం లేని పనికి, తీరిక ఉంటే, ఇరవై రెట్లు కాలం పెట్టి పాచిక 20 పడ్డట్టు తీసుకోవచ్చు. మామూలు తాళానికి గురి 25. చేర్పు 5 ఉన్నవాడు రెండు నిమిషాలు కూర్చుంటే తాళం వస్తుంది. చేర్పు 4 ఉన్నవాడు తెల్లవార్లూ కూర్చున్నా రాదు. 20కి 4 కలిపితే 24 కదా! నేర్పుల విషయంలో పాచిక 20 పడినంత మాత్రాన పని అయినట్టు కాదు. అందుచేత మీ చేర్పు ఏ గడప ముందు ఆగిపోయిందో చూడండి. గడప దాటించే 2, గడప దాటిన తరవాత వచ్చే 3 కన్న విలువైనది.

మూడో లెక్క: అందరూ దాటాలా, ఒక్కరు చాలా?

ఇదే అన్నిటికన్న ముఖ్యం. శ్రద్ధగా చదవండి.

దొంగలు పసుపు బస్తాలు ఎత్తుకుపోయి గుట్ట మీద దాచారు. మీరు నలుగురు రాత్రివేళ వాళ్ల పక్కనుంచి సద్దు లేకుండా పోవాలి. ముగ్గురు ఇరవైలో పదహారుసార్లు పోగలరు, అంటే నూటికి 80. నాలుగోవాడు యోధుడు. ఇరవైలో ఎనిమిదిసార్లే, అంటే నూటికి 40. ఒక్కరి కాలు చప్పుడైనా అందరూ దొరికిపోతారు. అందరూ దాటే అవకాశం ఎంత? నాలుగు అవకాశాలనూ గుణించాలి. నూటికి 20 మాత్రమే వస్తుంది.

మీ దగ్గర స్కిల్ ఫోకస్ ఒకటున్నది. ఎవరికి ఇస్తారు? అందరికన్న నేర్పరికి ఇస్తే అతని 80 కాస్తా 95 అవుతుంది. జట్టు అవకాశం 24కి పెరుగుతుంది. అదే ఫీటు యోధుడికి ఇస్తే అతని 40, 55 అవుతుంది. జట్టు అవకాశం 28! అందరూ దాటవలసిన చోట, వెనకబడ్డవాణ్ణి పైకెత్తితేనే లాభం ఎక్కువ.

కాపలా కాసే రాత్రి లెక్క తిరగబడుతుంది. నలుగురిలో ఏ ఒక్కరు విన్నా చాలు. ప్రతివాడూ నూటికి 40సార్లు వినగలిగితే, నలుగురూ వినకపోవడం నూటికి 13సార్లే. అంటే 87సార్లు ఎవరో ఒకరు వింటారు. ఒకరికి వినికిడిలో స్కిల్ ఫోకస్ ఇచ్చినా 90 అవుతుంది, అంతే. అక్కడ ఫీటు ఖర్చు చేయడం దండగ.

తాళం తీయడం, బేరమాడడం వంటి పనులు ఒక్కరే చేస్తారు. అక్కడ జట్టులో మొనగాడికే పదును పెట్టండి. తక్కినవాళ్లు సాయం పట్టవచ్చు. సాయం చేసేవాడు గురి 10 అందుకుంటే, పని చేసేవాడికి 2 చేర్పు వస్తుంది. చూశారా! పక్కనున్న స్నేహితుడి చెయ్యి, ఒక నేర్పు మట్టుకు, జంట ఫీటుతో సమానం.

యోధుణ్ణి ఏం చేద్దాం?

ఇప్పుడు యోధుడి దగ్గరికి తిరిగి వద్దాం. అతనికి చప్పుడు ఎందుకవుతున్నది? గొలుసు కవచం తొడుక్కున్నాడు గనక! నియమం ప్రకారం గొలుసు కవచం సద్దు లేని నడకలో 5 తగ్గిస్తుంది. కవచం విప్పి మూట కట్టుకుని వస్తే, ఏ ఫీటూ లేకుండానే అతని 40, 65 అవుతుంది. జట్టు అవకాశం 33. ఫీటు ఇచ్చినప్పటి 28 కన్న ఇది ఎక్కువ! కవచమూ విప్పి, ఫీటూ తీసుకుంటే అతనూ 80కి చేరతాడు. జట్టు అవకాశం 41.

అందుచేత ఫీటు తీసుకోబోయే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇదే లాభం మరో విధంగా చవకగా వస్తుందా? కవచం విప్పితే వస్తుందా? మంచి పనిముట్టు కొంటే వస్తుందా? శ్రేష్ఠమైన పనిముట్టుకు కూడా 2 చేర్పు ఉన్నది. స్నేహితుడు సాయం పడితే వస్తుందా? డబ్బుతో దొరికేదాన్ని ఫీటుతో కొనకండి.

ఇంకొక దారి కూడా ఉన్నది. యోధుణ్ణి కిందనే వదిలి ముగ్గురే పోతే? లెక్క చూస్తే నూటికి 51. అన్నిటికన్న ఇదే ఎక్కువ! దీన్ని దాచిపెట్టి లాభం లేదు. మీలో లెక్కల్లో గట్టివాడు చప్పున ఈ మాట అననే అంటాడు.

కాని ఆ 51 ఏమి చెప్పదో కూడా చూడండి. మిగిలిన 49సార్లు మీరు దొరికిపోతారు. అప్పుడు కత్తి పట్టేవాడు గుట్ట కింద ఉంటాడు. పైగా, యోధుడు కాగితం మీది పాత్రే అయినా, ఆ పాత్ర ఆడుతున్న పిల్లవాడు మీ పక్కనే కూర్చున్నాడు. మీరు గుట్ట మీద గంటసేపు సాహసాలు చేస్తుంటే, అతను తన చీటీలు తానే మడుస్తూ కూర్చోవాలి. 41కీ, 51కీ తేడా పది. ఆ పది కోసం అతన్ని వదిలి వెళతారా? ఈ ప్రశ్నకు పాచిక జవాబు చెప్పదు. మీ నలుగురూ మాట్లాడుకుని తేల్చుకోవలసిందే.

ఒక మాట మాత్రం చెప్పాలి. యోధుడి ఫీటు యోధుడిది. అతను కత్తిసాముకు సంబంధించిన ఫీటు కోరుకుని ఉండవచ్చు. "నువ్వు ఇదే తీసుకో" అని అతని మీద విరుచుకుపడకండి. లెక్క చూపించండి. "నువ్వు మాతో రావాలని మా కోరిక, అందుకు మేము ఇది చేస్తాం, నువ్వేం చేస్తావు?" అని అడగండి. అలా అడిగితే సగంమంది కవచం విప్పడానికి ఒప్పుకుంటారు!

చివరగా, అంకెలే సర్వమూ కావు. మీ పాత్ర పసుపు వర్తకుడి కూతురనుకుంటే, కొమ్ము విరిచి వెల చెప్పే నేర్పు ఆమెకు అందం. ఆ నేర్పు కథలో మూడుసార్లే పనికివచ్చినా, ఆ మూడుసార్లు బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఆమె మాట కోసం ఎదురుచూస్తారు. లెక్క వేయండి, ఆ తరవాత మీ మనసును కూడా అడగండి.

ఈ నెల లెక్క

ఆ వర్తకుడి కూతురు కథ మొత్తంలో ఆరుసార్లు వెల కట్టాలి, రెండుసార్లు పాత లిపి చదవాలి. లిపి చదవడానికి ఆమె చేర్పు 4. ఆ రెండింటిలో ఒకటి దొంగల గుహ దారి చెప్పే తాళపత్రం. దాని గురి 25. ఆమె దగ్గర ఫీటు ఒక్కటే ఉన్నది. వెల కట్టడానికి స్కిల్ ఫోకస్ తీసుకోవాలా, జంట ఫీటు డిలిజెంట్ తీసుకోవాలా?

మొదటి లెక్క ప్రకారం ఏది మేలు? రెండో లెక్క ప్రకారం ఏది మేలు? రెండూ వేరు వేరు జవాబులు చెబితే మీరు దేన్ని నమ్ముతారు, ఎందుకు? కాగితం మీద వేసి, అమ్మకో నాన్నకో చూపించి వాదించండి. వచ్చే నెల ఈ పేజీలోనే సరిచూసుకుందాం.